అప్పగింత కాని దానిమ్మ

"నోరు తెరవాల్సింది నేను కాదు డాక్టరుగారూ, మీరు," అంది డిటెక్టివ్.

పళ్ల డాక్టరు గతుక్కుమన్నాడు. అలవాటు కొద్దీ చేతిలోకి తీసుకున్న చిన్న అద్దాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. ఆ గదిలో కూచోడానికి రోగుల కుర్చీ తప్ప మరొకటి లేదు. అందులో వెనక్కి వాలి, నెత్తిన దీపం వెలుగుతుండగా మనిషిని ప్రశ్నించడం ఆమెకూ కొత్తే.

"గడియారాలు బాగుచేసే పెద్దాయన కనబడకుండా పోయి ఇవాళ్టికి వారం. అంతకు రెండు రోజుల ముందు మీ బోన్సాయ్ చెట్లవాళ్లంతా కలుసుకున్నచోట ఆయనతో మీరు గొడవపడ్డారు. ఏమన్నారు?"

డాక్టరు పళ్లెంలో అద్దాన్ని అటూ ఇటూ జరిపాడు. "పోయేటప్పుడు ఆ దానిమ్మని నెత్తిన పెట్టుకుపోతావా అన్నాను. కోపంలో వచ్చిన మాట."

"ఏం దానిమ్మ?"

"వాళ్ల నాన్న నాటింది. జానెడున్నర ఎత్తు. మొదలు చూస్తే తాడు పేనినట్టు మెలికలు తిరిగి ఉంటుంది. అలాంటిది ఇంకోటి నేను చూడలేదమ్మా."

"అమ్మమన్నారా?"

"అమ్మడమా!" డాక్టరు చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అంగడిలో రంగురాళ్లు అంటించి అమ్మేవి చెట్లు కావు, బొమ్మలు. నాలుగు నెలల్లో ఎండిపోతాయి. మంచి చెట్టు కావాలన్నా, దాన్ని నాటే మంచి పళ్లెం కావాలన్నా మాలో ఒకరి చేతినుంచి ఒకరి చేతికి రావాల్సిందే. కొత్తవాడొస్తే ఎవరో ఒకరు 'మనవాడే' అని చెప్పాలి. మట్టి నేను జల్లెడపట్టి ఇస్తాను. పళ్లేలు ఒకాయన కాల్చి ఇస్తాడు. చెట్టు మాత్రం అప్పగించాలి."

"అప్పగించడమంటే?"

"ఇచ్చే ఆయన పక్కన కూచుని ఆ చెట్టు సంగతంతా నోటితో చెప్పాలి. నీళ్లు ఎలా తాగుతుంది, దేనికి అలుగుతుంది, ఏ కొమ్మ ఎప్పుడు విరిగింది, అన్నీ. కాగితం మీద పెట్టడం మాలో లేదు. అంతా విన్నాక, తీసుకునే ఆయన పళ్లెం పట్టుకుని చెట్టు మొహాన్ని తనవైపు తిప్పుకుంటాడు. ఇక అది అతనిది."

"చెట్టుకి మొహం కూడానా!"

"ఎందుకుండదు? ప్రతి బోన్సాయ్‌కీ ఒక ముందువైపు ఉంటుంది. అటునుంచి చూస్తే కాస్త మనవైపు వంగి పలకరిస్తున్నట్టుంటుంది. వెనకనుంచి చూస్తే, అటు తిరిగి పడుకున్న మనిషిని చూసినట్టే."

డిటెక్టివ్‌కి ఆ మాట ఎక్కడో తగిలింది గానీ పైకి తేలనివ్వలేదు. "మరి ఆ దానిమ్మ?"

"ఎవరికీ అప్పగించనన్నాడు. దానిమ్మేమిటి, ఒక్క చెట్టూ ఇవ్వలేదు. అదీ మా గొడవ. డెబ్భై రెండేళ్ల మనిషి, పిల్లల్లేరు. రేపు ఆయనకేమైనా అయితే అంత తోటా దిక్కులేనిదవుతుందని నా ఏడుపు."

"పోయిన మంగళవారం పొద్దున మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. మీరు కూచున్న కుర్చీలోనే ఒకాయనకి జ్ఞానదంతం పీకుతున్నాను. మధ్యాహ్నందాకా పట్టింది. పన్ను దాచాను, చూపించనా?"

"వద్దులెండి," అంటూ ఆమె కుర్చీలోంచి దిగింది. అబద్ధాలాడే మనిషి అంత ఉత్సాహంగా పన్ను చూపిస్తాననడు. "ఆయన డాబా మీదికి వెళ్తున్నాను. చెట్ల భాష నాకు రాదు. తెలిసినవాళ్లు ఎవరైనా నాతో వస్తే బాగుండును."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఒక పెద్దావిడ లోపలికొచ్చింది. భుజాన గుడ్డసంచి, వేళ్ల చివర్లు నల్లగా మసిబారి ఉన్నాయి. సంచిలోంచి రాగితీగ చుట్టలు తీసి బల్లమీద పెట్టింది.

"నిండు నూరేళ్లు!" అన్నాడు డాక్టరు. "ఈవిడ మా తీగలత్త. కొమ్మలు వంచాలంటే తీగ చుట్టాలి కదా. రాగిని పొయ్యిలో కాల్చి మెత్తబరిచి ఇస్తుంది. ఈవిడ తీగ లేని చెట్టు మాలో ఎవరి దగ్గరా లేదు. అత్తయ్యా, ఈ అమ్మతో ఒకసారి గడియారాలాయన డాబా మీదికి వెళ్లొస్తారా?"

తీగలత్త ఒక్క క్షణం సంచి సర్దుకుంది. "అలాగే పదండి," అంది.

బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో ఇరుక్కుని కూచున్నారు. డిటెక్టివ్ మామూలుగా కేసు మధ్యలో సొంత ఊసులెత్తే మనిషి కాదు. కానీ ఆవిడ పక్కన కూచుంటే ఎందుకో నోరు ఊరుకోలేదు. తొమ్మిదేళ్ల కిందట భర్త పోవడం, పోలీసు ఉద్యోగం వదిలేయడం, దర్జీ కొట్టు మీద ఒంటిగది, అన్నీ చెప్పేసింది.

"ఇంట్లో మాట్లాడే దిక్కులేక రేడియోతో పోట్లాడతాను అత్తయ్యా. నిన్న వార్తలు చదివేవాణ్ణి నోర్మూసుకోమన్నాను."

"నయం, మీకు గొంతైనా వినబడుతుంది," అని నవ్వింది తీగలత్త. "నేను పొయ్యితో మాట్లాడతాను."

ఇద్దరూ నవ్వుకున్నారు. ముందుసీట్లో ఆయన వెనక్కి తిరిగి చూశాడు.

"మీ దగ్గర ఎన్ని చెట్లున్నాయి?" అనడిగింది డిటెక్టివ్.

"ఒక్కటీ లేదు."

"అదేంటి! ఇన్నేళ్లుగా వీళ్లందరికీ తీగ ఇస్తూ..."

"ఎవరూ ఇవ్వలేదమ్మా. నేనూ అడగలేదు. తీగ ఇచ్చి వస్తాను, అంతే." ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "కొమ్మ మాట విన్నాక తీగ కత్తిరించి పారేస్తారు కదా," అంది.

డిటెక్టివ్ ఆవిడ చేతిమీద చెయ్యి వేసింది. మనిషి చేతిమీద తన చెయ్యి పడి ఎన్నాళ్లయిందో అని కూడా అనిపించింది.

గడియారాలాయన ఇంటికి పక్కసందులోంచి డాబా మీదికి ఇనపమెట్లున్నాయి. ఇంటి తాళంతో పనిలేకుండా ఎవరైనా ఎక్కొచ్చు. పైన ఆయన చెల్లెలు ఎదురుచూస్తోంది. డిటెక్టివ్‌ని పెట్టుకున్నది ఆవిడే. ఊరికి ఆ కొసన ఉంటుంది. పని ముగించుకుని సాయంత్రాలు మాత్రం వచ్చి అన్నగారి ఇంట్లో కాసేపు కూచుని పోతోంది. ఇవాళ సెలవు పెట్టింది.

"సాయంత్రానికి కేసు మూసేస్తారటమ్మా," అంది రాగానే. "ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. అన్నయ్య తనంతట తానే వెళ్లిపోయాడంటున్నాడు. నాకు మిగిలిన రక్తసంబంధం వాడొక్కడే. మూసేస్తే ఇక వెతికేవాళ్లుండరు కదమ్మా?"

"నేనున్నాను కదా," అంది డిటెక్టివ్, చుట్టూ చూస్తూ.

బల్లల మీద నలభై దాకా చెట్లు. మర్రి, జువ్వి, నిమ్మ, ఇంకా పేరు తెలియనివి. ఇంత ఎండలో లోతులేని పళ్లేల్లో ఉన్న మట్టి రెండ్రోజులు నీళ్లు లేకపోతే ఇటుకైపోతుంది. వేలు పెట్టి చూసింది. తడి. యజమాని మాయమై వారమైనా ఆ వరసలో ఏ ఆకూ వాడలేదు.

"మీరు పోస్తున్నారా నీళ్లు?"

"లేదమ్మా. పక్కింటివాళ్లేమో అనుకున్నాను. అడిగితే మాకేం తెలుసన్నారు."

డాబా మధ్యలో ఒక పాత కుర్చీ ఉంది. డిటెక్టివ్ అందులో కూచుని చూసింది. ఏ చెట్టు చూసినా వీపే. అన్నీ మెట్లవైపు వంగి ఉన్నాయి. ఒక్క దానిమ్మ తప్ప. మెలికలు తిరిగిన ఆ మొదలు కొంచెం ముందుకు వాలి, సూటిగా కుర్చీవైపే చూస్తోంది. అన్నిట్లో వాడిపోయింది కూడా అదొక్కటే. ఆకులు పసుపెక్కి వేలాడుతున్నాయి.

"అత్తయ్యా, ఇవన్నీ అటు తిరిగి ఉన్నాయేంటి?"

"ఎండ కోసం తిప్పి ఉంటారు," అంది తీగలత్త. ఆవిడ చూపు దానిమ్మ మీదే ఉంది. దగ్గరికెళ్లి మోకాళ్లమీద కూచుని, ఒక ఆకుని మసివేళ్లతో నిమిరింది. "దీనికీ నీళ్లు పోశారు. మిగతావాటికి పోసినట్టే పోశారు. ఎందుకిలా అయిపోతోందో తెలియడం లేదు."

చెల్లెలు డిటెక్టివ్ పక్కకొచ్చి, పక్కవాళ్లకి వినబడితే నవ్వుతారన్నట్టు గొంతు తగ్గించింది. "ఒక పిచ్చిమాట చెప్పనా అమ్మా? నేను మొదటిరోజు వచ్చి ఈ కుర్చీలో కూచుని ఏడుస్తుంటే చెట్లన్నీ నన్నే చూస్తున్నట్టనిపించింది. కాస్త ధైర్యంగా ఉండింది. రోజురోజుకీ ఒక్కొక్కటీ మొహం తిప్పేసుకుంటున్నట్టుంది. అన్నయ్యని సరిగ్గా చూసుకోలేదని వాటికీ నామీద కోపమేమో."

డిటెక్టివ్ చటుక్కున లేచి నిలబడింది.

"అక్కా!" కిందనుంచి కేక. "చెట్లతో మంతనాలు అయితే కాస్త కిందికొస్తారా? సంతకాలు పెట్టించుకోవాలి."

ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు ఆమె కిందే పనిచేశాడు. ఆమె చేతికింద నేర్చుకున్నది చాలా ఉందని ఊరంతా చెబుతాడు, ఆమె ఎదురుగా తప్ప.

గడియారాల గదిలో గోడలనిండా గడియారాలే. కీ ఇచ్చేవాడు లేక కొన్ని ఆగిపోయాయి, కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. ఏ రెండూ ఒక మాటమీద లేవు. ఇన్‌స్పెక్టర్ బల్లమీద ఎక్కి కూచుని కాళ్లూపుతున్నాడు.

"అక్కా, నేను చెప్తాను, మీరు తలూపండి. సంచి లేదు. కళ్లజోడు లేదు. తలుపు బయటనుంచి తాళం వేసి ఉంది. పెనుగులాట లేదు. మనిషికి విసుగెత్తింది, పోయాడు."

"చెట్లు?"

"ఎవరికో నీళ్లు పొయ్యమని చెప్పి పోయాడు. అంటే ముందే అనుకుని పోయాడు. నా కేసు ఇంకా గట్టిపడింది."

"ఎవరికి చెప్పాడు?"

"ఎవరికైతేనేం!"

"తమ్ముడూ, నువ్వు మారలేదు. తలుపు దగ్గర ఆగిపోతావు, లోపలికి రావు." డిటెక్టివ్ ఎదురుగా నిలబడింది. "వాళ్లలో ఒక పద్ధతుంది. చెట్టుని అప్పగించేటప్పుడు దాని సంగతంతా నోటితో చెప్పాలి. విన్నవాళ్లు చెట్టు మొహం తమవైపు తిప్పుకోవాలి. వారం కిందట ఆ చెట్లన్నీ ఆయన కుర్చీవైపు చూసేవి. ఇవాళ అన్నీ మెట్లవైపు తిరిగాయి. అదీ ఒక్కసారిగా కాదు. రోజుకి కొన్ని."

"అయితే?"

"రోజుకి కొన్ని అప్పగింతలవుతున్నాయి. ఎవరో పగలు ఆయన దగ్గర కూచుని వింటున్నారు. తర్వాత ఇక్కడికొచ్చి నీళ్లు పోసి, విన్నవాటిని తాము ఎక్కివచ్చే మెట్లవైపు తిప్పుకుంటున్నారు. మాయమైన మనిషి తోటకి నీళ్లు పొయ్యకుండా ఉండలేకపోయారు చూడు, అక్కడ దొరికిపోయారు. ఆయన బతికే ఉన్నాడు. ఎక్కడో, ఎవరి ఇంట్లోనో ఉన్నాడు."

ఇన్‌స్పెక్టర్ కాళ్లూపడం మానేశాడు. కానీ నవ్వాడు. "చెట్లు అటు తిరిగాయని మనిషి బతికున్నాడని రాసుకోమంటారా? పై అధికారి నన్ను తీసుకెళ్లి ఆ బల్లమీద ఒక కుండీలో నాటేస్తాడు."

"నాటనీ. కాస్త ఎదుగుతావు."

అతని మొహం మాడిపోయింది. "సరే, మీ మాటే నిజమనుకుందాం. ఆయన్ని ఎత్తుకుపోయారా?"

"ఎత్తుకుపోలేదు. తెలిసినవాళ్లు రమ్మంటే సంచి పుచ్చుకుని తానే వెళ్లాడు. వెళ్లాక రానివ్వడం లేదు. ఆయనా తెలివైనవాడే. అన్నీ చెప్పాడు, దానిమ్మ సంగతి మాత్రం చెప్పలేదు. అందుకే అదింకా కుర్చీవైపు చూస్తోంది, అందుకే వాడిపోతోంది. దానికేం కావాలో ఆ నీళ్లు పోసేవాళ్లకి తెలియదు. అది చెప్పనంతకాలం ఆయనతో వాళ్లకి పనుంది. చెప్పేస్తే..."

గోడమీద ఏదో గడియారం ఆలస్యంగా గంటలు కొట్టడం మొదలుపెట్టింది. ఇద్దరూ అది ఆగేదాకా చూశారు.

"డాక్టరేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఈసారి వెటకారం లేకుండా. "గొడవపడింది అతనే కదా."

"కాదు. అతనికి సొంత తోట ఉంది. ఒక చెట్టు ఎక్కువైతే సంతోషిస్తాడు, తక్కువైతే తిడతాడు, అంతే. నలభై చెట్లనీ తనవైపు తిప్పుకోవాలని ఎవరికుంటుంది? ఇన్నేళ్లు వాళ్ల మధ్య తిరిగి కూడా ఒక్కటంటే ఒక్క చెట్టు..."

మాట అక్కడే తెగిపోయింది. బస్సులో తన చెయ్యి కింద ఉన్న ఆ మసివేళ్లు గుర్తొచ్చాయి. ఎవరు ఎక్కడినుంచి తీసుకొచ్చారు ఆవిణ్ణి? తనే. దారి చూపించి, పక్కన కూచోబెట్టుకుని, నాలుగు మంచిమాటలు దొరికాయని మురిసిపోయి మరీ తీసుకొచ్చింది.

"అక్కా, ఏమైంది?"

ఆమె అప్పటికే మెట్లెక్కుతోంది.

డాబా మీద చెల్లెలు ఒక్కతే ఉంది. ఎదురుగా నీళ్లతొట్టి. చీరకొంగు మోచేతిదాకా తడిసి ఉంది. మొహం చాలా రోజుల తర్వాత తేటపడింది.

"మంచిపని చేశారమ్మా ఆవిణ్ణి తీసుకొచ్చి," అంది. "దానిమ్మని చూసి ఆవిడ కంటతడి పెట్టుకుంటుంటే నాకూ ఆగలేదు. దాని సంగతి నాకూ అన్నయ్యకీ మాత్రమే తెలుసు. అన్నయ్య బెంగలో పడి ఇన్నాళ్లూ నేనే పట్టించుకోలేదు. మొదలు దగ్గర, నాచు కింద ఒక తొర్ర ఉంది. పైనుంచి పోస్తే నీళ్లు అందులో నిలిచి లోపల కుళ్లుతుంది. నాన్న దాన్ని ఎప్పుడూ తొట్టిలో కూచోబెట్టి కిందినుంచే తాగించేవాడు. నేను పళ్లెం పక్కకి వంచితే తొర్రలోంచి నల్లటి నీళ్లు ఎన్ని కారాయో! గుడ్డపీలికతో తుడిచి, తొట్టిలో పెట్టాను. ఆకులు ఇంకా లేవలేదు గానీ బతుకుతుంది."

"ఆవిడేది?"

"ఎంత శ్రద్ధగా వింది అనుకున్నారు! చలికి ఏం చెయ్యాలి, పువ్వు వచ్చినప్పుడు ఏం చెయ్యాలి, అన్నీ అడిగింది. మళ్లీ నాకే అప్పజెప్పింది. ఒక్క మాట తప్పలేదు. చిన్నప్పటినుంచి దీని గురించి నన్ను అడిగినవాళ్లే లేరమ్మా." చెల్లెలు తొట్టిలోకి చూస్తూ నవ్వింది. "ఆ డాక్టరుకి ఒకసారి చూపించి సాయంత్రానికి తెచ్చేస్తానంది. ఇచ్చాను. పట్టుకునేముందు పళ్లేన్ని ఇలా తనవైపు తిప్పుకుని, కాసేపు దాన్నే చూస్తూ నిలబడింది. 'ఇక చాలమ్మా' అంది. పాపం, ఏమిటో ఆవిడ."

డిటెక్టివ్ దానిమ్మ లేని తొట్టివైపు చూసింది. ఏం చెప్పాలి ఈ మనిషికి? ఇన్నాళ్లుగా అన్నగారి ప్రాణాన్ని కాపాడిన ఒక్క మాటనీ, ప్రేమకొద్దీ, ఈ చేతులతోనే ఇచ్చేశావని చెప్పాలా?

వెనకాలే వచ్చిన ఇన్‌స్పెక్టర్ అంతా విన్నాడు. ఎద్దేవా చెయ్యలేదు. "ఎంతసేపైంది?" అన్నాడు.

"ఇప్పుడే బాబూ. మీరిద్దరూ కింద గట్టిగా మాట్లాడుకుంటున్నారు కదా, అప్పుడే."

డిటెక్టివ్ డాక్టరుకి ఫోన్ చేసింది. "తీగలత్త ఇల్లెక్కడ? త్వరగా చెప్పండి."

"ఇల్లా? ఎప్పుడూ ఆవిడే వస్తుందండీ. ఫోన్ కూడా లేదు. ఉండండి, పళ్లేలాయన్ని అడుగుతాను." అవతల ఇంకో ఫోన్ మోగడం, ఎవరితోనో మాటలు, మళ్లీ ఇంకెవరితోనో. అతను తిరిగొచ్చేసరికి గొంతు మారిపోయింది. "ఎవరికీ తెలియదట అమ్మా. ముప్ఫై ఏళ్లుగా తీగ తీసుకుంటున్నాం. మాలో ఎవరం ఎప్పుడూ వెళ్లలేదు. అడగాలని కూడా తోచలేదు."

నాలుగు మాటలనాలని నోరు తెరిచింది డిటెక్టివ్. కానీ తను మాత్రం అడిగిందా? అరగంటసేపు భుజం భుజం తగులుతూ కూచుని, తన ఒంటిగది, తన రేడియో, తన గోల అంతా ఆవిడ ఒళ్లో పోసింది. మీరుండేదెక్కడ అత్తయ్యా అని మాత్రం నోట రాలేదు.

"అక్కా, ఇటు!" ఇన్‌స్పెక్టర్ మెట్ల మీదనుంచి అరిచాడు.

ఇనపమెట్ల మీద నీటిచుక్కలు. తొట్టిలోంచి అప్పుడే తీసిన పళ్లెం కారుతూ పోయింది. ఇద్దరూ చుక్కల వెంట సందులోకి పరుగెత్తారు. సందు మలుపులో చుక్కలు, కొళాయి దాటాక చుక్కలు, రోడ్డుకడ్డంగా అవతలికి చుక్కలు. ఇన్‌స్పెక్టర్ ఫోన్లో స్టేషన్‌కి ఏదో అరుస్తున్నాడు. బస్టాపు చాలా వెనకబడిపోయింది. ఆవిడ బస్సెక్కలేదు, నడిచే పోయింది. అంటే ఇల్లు దగ్గరే.

కూడలి వచ్చింది. అక్కడినుంచి దారులు మూడువైపులకి చీలుతున్నాయి. డిటెక్టివ్ రోడ్డుమీద మోకాళ్లమీద కూచుంది. ఎండకి నేల అట్లపెనంలా కాలుతోంది. కూడలి నడుమ చివరి చుక్క ఒకటి కనబడింది, ఏ దారిలోనూ ఇంకోటి లేదు. దానివైపు చెయ్యి చాచేలోగా అంచులు ముడుచుకుని, చిన్నదై, లేకుండా పోయింది.